లోపలి వేడి

"అల్లుడుగారొచ్చారు, మర్యాదలు మొదలుపెట్టండి!"

మత్తు డాక్టరు అలా అనగానే థియేటర్లో అందరూ నవ్వారు.

వచ్చినాయన కూడా నవ్వాడు. యాభై దాటిన మనిషి. చొక్కా విప్పి మడతపెట్టి, బల్ల ఎక్కి పడుకున్నాడు.

ఆపరేషన్ జరుగుతుండగా రోగి ఒంట్లో వేడి ఎంతుందో తెలియాలంటే ముక్కులోంచి సన్నటి గొట్టం లోపలికి వెయ్యాలి. చిన్నాచితకా ఆపరేషన్లకు ఎవరూ వెయ్యరు. అందుకే డాక్టరు కొత్తగా ఒక బిళ్ల తయారు చేస్తున్నాడు. నుదుటి మీద అంటిస్తే చాలు, చర్మం వేడిని బట్టి లోపలి వేడిని అంచనా కడుతుంది.

ఆ అంచనా నిజమో కాదో తేలాలంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు బిళ్లా, గొట్టమూ రెండూ పెట్టి చూడాలి. ఒంటిని చల్లబరిచి, మళ్లీ వేడెక్కించాలి. వచ్చినవాళ్లు వచ్చినట్టే పారిపోతున్నారు. 'అల్లుడుగారు' మాత్రం పిలిచినప్పుడల్లా వస్తున్నాడు. పనయ్యాక ఇచ్చే పాలూ బ్రెడ్డూ తీసుకుని వెళ్తాడు.

"ఈసారి సరిపోయిందా సార్?" అని తప్పకుండా అడుగుతాడు.

"నీకెందుకయ్యా ఆ లెక్కలు?"

"ఊరికే సార్. చిన్నపిల్లలకి కూడా పనికొస్తుందా అని."

"నువ్వు ముందు పాలు తాగు."

ఆ రోజు పరికరాల కంపెనీ పెద్దలు చూడ్డానికి వచ్చారు. వాళ్లు సరేనంటేనే బిళ్ల ఆస్పత్రులకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే బల్ల మీది మనిషికి వణుకు పుట్టింది. తల అదిరి, బిళ్ల ఊడి కింద పడింది. తెర మీద అంకెలు మాయమయ్యాయి.

"ఇంకా పరీక్షలు చేసి పిలవండి," అని పెద్దలు లేచి వెళ్లిపోయారు.

డాక్టరుకు కోపం నషాళానికి అంటింది.

"తిని పడుకోడానికి ఇదేమన్నా సత్రమా? లే! మళ్లీ ఈ గుమ్మం తొక్కకు!"

"ఇంకొక్కసారి పెట్టండి సార్. ఈసారి కదలను."

"లెమ్మన్నానా!"

ఆయన గొట్టం తీయించుకుని, ముక్కు తుడుచుకుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. పాలు అలాగే ఉండిపోయాయి.

"ముక్కులో గొట్టం పెట్టుకుని ఎవరైనా హాయిగా పడుకుంటారా సార్?" అంది నర్సు మెల్లగా.

ఆ రాత్రి డాక్టరుకు అన్నం సహించలేదు. వయసులో పెద్దవాణ్ని పట్టుకుని అంత మాట ఎలా అన్నాను అనుకున్నాడు. పిలిచి క్షమించమని అడుగుదామనుకున్నాడు గాని, అహం అడ్డొచ్చింది. రేపూ మాపూ అంటూ రోజులు గడిపేశాడు.

చివరికి సిగ్గు చంపుకుని కబురు పంపాడు.

వచ్చింది ఆయన కాదు. థియేటర్ టోపీ, మాస్కు పెట్టుకున్న ఒక పెద్దావిడ.

"మా ఆయన లేరు సార్. పోయిన వారమే, నిద్రలోనే..."

డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. క్షమించమని అడగడానికి ఇక మనిషే లేడు.

"ఆయన బదులు నేను పడుకుంటాను. పెట్టండి."

"మీరెందుకమ్మా?"

"నేను వణకను సార్. తనవల్లే పని చెడిందని ఆయన చివరిదాకా బాధపడ్డారు."

డాక్టరుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తనన్న మాటలేవీ ఆయన ఇంట్లో చెప్పలేదన్నమాట.

ఆమె బల్ల మీద పడుకుంది. గొట్టం వెయ్యడానికి వీలుగా మాస్కు కిందికి దించింది. ఆ ముఖం చూడగానే డాక్టరు చేతులు ఆగిపోయాయి.

"మీరా అమ్మా..."

"నేనే సార్. ఆ ఆపరేషన్ రోజు మా ఆయన ఊళ్లో లేరు. మీకు ఆయన తెలియదు గాని, ఆయనకి మీరు తెలుసు," అంది ఆమె కళ్లు మూసుకుంటూ. "'నుదురు చల్లగానే ఉందమ్మా, లోపల అంత వేడెక్కిందని కనిపెట్టలేకపోయాను' అని, మా పాప ఇక లేదని చెబుతూ మీరన్న మాట, ఆయనకి నేనే చెప్పాను."