తాళం బద్దలైన పేజీ

"అక్కా, తాళం పగలగొట్టిన ముక్క మళ్లీ చదవ్వా!" కాలర్లు కుట్టే వదిన బతిమాలింది.

వదినకు నెలలు నిండుతున్నాయి. ఈ చొక్కాల ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి తాళంచెవి సూపర్‌వైజరు బెల్టుకు వేలాడుతుంది. భోజనాల వేళ తప్ప తియ్యడు. అందుకే ఆడవాళ్లెవరూ గుక్కెడు నీళ్లు తాగరు. వదిన కాళ్లు దిమ్మల్లా వాచాయి. నీళ్లు తాగకపోతే బిడ్డకే ముప్పని డాక్టరమ్మ కేకలేసింది.

మిషన్ల మధ్య స్టూలు మీద కూర్చున్నామె పనిలో చేరి నెల కాలేదు, అప్పుడే అందరికీ పుస్తకాలక్క అయిపోయింది. ఆమె చదువుతుంది. మిగతావాళ్లు వింటూ కుడతారు, ఆమె వంతు చొక్కాలు కూడా తలా కాసిన్ని లాగేస్తారు. పుస్తకం ఏదో పరాయి దేశపు చొక్కాల ఫ్యాక్టరీ గురించి.

అక్క వేలు తడిచేసుకుని పేజీ తిప్పింది. రెండోసారి ఇంకా బాగుంది. ఈసారి పుస్తకంలో పిల్లిమీసాల సూపర్‌వైజరు కాళ్లబేరానికి కూడా వచ్చాడు.

"ఏయ్, పరాయి దేశపోడికి నా పిల్లిమీసాలెందుకున్నాయి?" గుమ్మంలోంచి సూపర్‌వైజరు గుర్రుమన్నాడు.

"మీసాలకు దేశమేంటి సారూ?" అంది అక్క.

హాలంతా గొల్లుమంది. వదిన మాత్రం నవ్వలేదు.

"ఇది నిజంగా జరిగిందా అక్కా? కట్టుకథ కాదుగా?"

"అచ్చేసినదాన్ని పట్టుకుని అబద్ధమంటావేంటే పిచ్చిమొహమా!"

అంతే. వదిన మిషన్ ఆపింది. ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆయాసపడుతూ మరుగుదొడ్డి వైపు నడిచింది. "నువ్వు తప్పుకో తల్లీ" అని ఇస్త్రీ పిన్ని అది లాక్కుని రెండు బాదులు బాదింది. తాళం ఊడి పడింది. సూపర్‌వైజరు పోలీసులంటూ గెంతాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. బయట సరుకు కోసం లారీ హారన్ మోగిస్తోంది.

యజమాని పరుగున వచ్చాడు. "సరే, ఇక తాళం ఉండదు. కేసులూ ఉండవు. పనిలోకి పదండి!"

"నోటిమాట చెల్లదు. పుస్తకంలో వాళ్లు కాగితం రాయించుకున్నారు," అంది వదిన.

పళ్లు నూరుతూనే యజమాని వాళ్లను తన గదిలోకి పిలిచి, కాగితం రాసి సంతకం గీకాడు. వదిన నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"మా తరఫున అక్క సంతకం పెడుతుంది. మాలో చదువుకున్నది ఆమే."

అక్క పుస్తకం చంకలో ఇరికించుకుని, యజమాని అందించిన పెన్ను పక్కకు నెట్టి, ఎడమ బొటనవేలిని స్టాంపు ప్యాడు మీద అద్దింది.