చెరిపేసిన టేకు

"ఆపండి! ఎవరా పాడేది?"

గిటారిస్టు కేకకి కుట్టుమిషను టక్కున ఆగింది.

స్టూడియో అద్దం అవతల చిన్న గదిలో ముసలావిడ బెదిరిపోయి చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసింది.

"తప్పైపోయింది బాబూ. కాళ్ళు ఆడితే నోరు ఊరుకోదు. పాత రోగం."

"ఇక్కడ మాత్రం ఊరుకోబెట్టాలి. మీ మిషను చప్పుడు చాలు, మీ పాట అక్కర్లేదు."

సౌండ్ ఇంజనీరు నవ్వాపుకున్నాడు. ఊరంతా గాలించి ఆమెను పట్టుకొచ్చింది అతనే. కరెంటు మిషను చప్పుడు పనికిరాదు, కాలితో తొక్కే పాత ఇనప మిషనే కావాలని గిటారిస్టు పట్టుబట్టాడు మరి. ఉదయం మైకు బిగిస్తూ చెక్కబల్ల అంచున గాట్లు తడిమి, "ఏంటి మామ్మా, ఎలుకలు కొట్టేశాయా?" అన్నాడు ఇంజనీరు.

"రెండు కాళ్ళ ఎలుకలే నాయనా" అంది ఆమె.

గిటారిస్టుకి అదేం పట్టలేదు. అతని దిగులు వేరే ఉంది.

అతని పాటల్లో మాటలుండవు. గిటారు, దాని పక్కన చిన్నప్పటి చప్పుడు ఒకటి, అంతే. ఒక పాటలో రేకుల మీద వాన. ఇంకోదాంట్లో ఉయ్యాల గొలుసు కిర్రుమనడం. అన్నీ పూర్తయ్యాయి. మిగిలింది అమ్మ పాట.

ఆ పాటకి ముగింపు లేదు.

మిషను కింద గుడ్డపేలికల్లో పడుకున్న పిల్లాడు. పైన కూనిరాగం. కళ్ళ ముందు పెడలు తొక్కే రెండు పాదాలు. ముఖం గుర్తులేదు. నాలుగేళ్ళకే అమ్మ పోయింది, నాన్న వేరే ఊరు తీసుకెళ్ళిపోయాడు. మిగిలింది ఆ రాగమే. అదీ సగం. అక్కడిదాకా వచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఎన్ని ముగింపులు కట్టినా అతుకులు బయటికి కనిపిస్తున్నాయి.

"మళ్ళీ" అన్నాడు విసుగ్గా.

ముందే రికార్డు చేసిన గిటారు ఆమె చెవుల్లో మోగింది. నైలాన్ తీగలు, కాస్త కిందికి దించిన శ్రుతి. పాదాలు కదిలాయి. కాసేపటికి ఆమె కళ్ళు మూసుకుంది.

కూనిరాగం మళ్ళీ మొదలైంది.

"ఈవిడ నా ప్రాణం తీసేలా ఉంది!" గిటారిస్టు తలుపు ధడాల్న వేసి వరండాలోకి పోయాడు.

ఇంజనీరు టేకు ఆపలేదు, రికార్డు అవనిచ్చాడు. కాసేపటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, ఒక్కసారి వినండి. గిటారు ఆగిపోయాక కూడా ఆవిడ ఆగలేదు. అక్కణ్ణుంచి ఎత్తుకుని, ఎంత చక్కగా దించిందనుకున్నారు!"

"నా పాటకి దారిన పోయేవాళ్ళు ముగింపు కట్టాలా?"

"వింటే పోయేదేముంది సార్?"

"చెరిపేయ్. నా కళ్ళముందే."

ఇంజనీరు చెరిపేశాడు.

గిటారిస్టు గదిలోకి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

ఆమె అతన్నే చూస్తోంది. "ఈ పాట నీకెక్కడిది బాబూ?"

"మా అమ్మది. మిషను కుడుతూ పాడేది. నేను కింద పడుకుని వినేవాణ్ణి."

ఆమె పాదం పెడలు మీంచి జారింది.

"మీ అమ్మ... ఎలా ఉంది?"

"చిన్నప్పుడే పోయింది. ఆవిడ గుర్తుగా నాకున్నది ఇదొక్కటే. దీన్ని మీరు పాడుచేస్తున్నారు."

ఆమె చేత్తో బల్ల అంచు నెమ్మదిగా నిమిరింది.

"మీ అమ్మదేనంటున్నావుగా. ఇంక నేను నోరు మెదపను నాయనా."

పక్కనున్న గుడ్డముక్క తీసి తనే నోట్లో కుక్కుకుంది. ఈసారి మిషను చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడు బావుంది" అన్నాడు గిటారిస్టు.

పాట చివర చప్పుడు సన్నగా తగ్గించి ముగించేశారు.

ఆల్బమ్‌కి పేరొచ్చింది. అమ్మ పాటకి మరీను. "అలా సగంలో ఆగిపోతుందేం?" అని ఎవరో అడిగారు.

"అమ్మ కూడా సగంలోనే వెళ్ళిపోయింది కదండీ" అన్నాడు.

చప్పట్లు మోగాయి.

మొదటి కచేరీకి ఆ మిషను మళ్ళీ కావాల్సొచ్చింది. ఇంజనీరు వెళ్ళి మిషనుతో ఒక్కడే వచ్చాడు.

"మామ్మ పోయిందట సార్. వాళ్ళవాళ్ళు మిషను ఇచ్చి పంపారు."

"అయ్యో! సరేలే, తొక్కడానికి ఇంకెవరినైనా చూడు."

కచేరీకి ముందు తెర వెనక్కి పెద్దమ్మ వచ్చింది. అమ్మకి సొంత అక్క. ఏళ్ళ తర్వాత కనబడింది. అతన్ని పలకరించబోతూ మిషను చూసి ఆగిపోయింది.

"ఇదెక్కడ దొరికిందిరా నీకు?"

"అద్దెకి తెచ్చాం పెద్దమ్మా. అమ్మ మిషను కూడా ఇలాంటిదేగా."

"మీ అమ్మకి మిషనా?" పెద్దమ్మ పకపకా నవ్వింది. "దాని ఊడిన గుండీలు కూడా నేనే కుట్టిపెట్టేదాన్ని! పొద్దున్నే నిన్ను పక్కవాటాలో కుట్టుపని చేసుకునే ఆవిడ దగ్గర పడేసి, ఫ్యాక్టరీకి పరిగెత్తేది."

అతని చేతిలో గిటారు బరువెక్కింది. "మరి... ఆ పాట?"

"ఆవిడే. నిన్ను నిద్రపుచ్చడానికి తనే కట్టుకుని పాడేది. నువ్వేనాడు చివరిదాకా విన్నావు గనక? సగంలోనే గుర్రుపెట్టేవాడివి."

"పాత మిషన్లన్నీ ఒకేలా ఉంటాయి పెద్దమ్మా. ఇది ఆవిడదే అయ్యుంటుందా?"

పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుని, వేళ్ళు తీసుకెళ్ళి బల్ల అంచున ఉన్న గాట్ల మీద పెట్టింది.

"ఇవి నీ పాలపళ్ళేరా."