మొదటి గుత్తి వాలే చెట్టు

చెట్టు లేదు. మొదలు మాత్రం మిగిలింది.

"ఏ చచ్చినోడు చేశాడ్రా ఈ పని?" అని అరిచింది ఎతెల్వీనా. ఊరి అడవి సంఘానికి పెద్ద ఆవిడే. ఆవిడ అరిస్తే అవతలి కొండ మీద మేకలు కూడా తలెత్తుతాయి.

పక్కనే ఉన్న ఫిలెమోన్ మాత్రం తలెత్తలేదు. ఈ కొండకి కాపలాదారు అతనే. అంతకుముందు ముప్పై ఏళ్ళు అతని తండ్రి దోన్ అబుందియో కాపలా కాశాడు. పెద్దాయన ఆగస్టులో పోయాడు. ఇది అక్టోబరు. కాపలా కొడుకు చేతికొచ్చిన మూడో నెలకే చెట్టు మాయమైందంటే నలుగురూ ఏమనుకుంటారు? ఫిలెమోన్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అదేం వింత మాను కాదు. మిచోవకాన్ కొండల్లో అలాంటి ఓయమెల్ చెట్లు వేలున్నాయి. కానీ సీతాకోకచిలుకల మొదటి గుత్తి ఏటా వాలేది దానిమీదే. రెక్కలు మూసుకుని వేలాడుతుంటే ఎండుటాకులనే అనుకోవాలి. ఎండ తగిలిందా, నారింజ రంగు రెక్కలు, నల్లటి ఈనెలు, అంచున తెల్ల చుక్కలు, కొమ్మ కొమ్మంతా విచ్చుకునేది. మార్చిలో ఇక్కణ్ణుంచి ఉత్తరానికి వెళ్ళినవి దారిలోనే గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. వేల మైళ్ళు ఎగిరి తిరిగొచ్చేవి వాటి మునిమనవలు. ఈ కొండని పుట్టి బుద్ధెరిగి చూసినవి కావు.

"మనోళ్ళకి సంత దారి చెప్పినా తప్పిపోతారు. వీటికి ఈ చెట్టు గుర్తు ఎవడు చెప్పాడ్రా?" అనేవాడు దోన్ అబుందియో, ఆ మానుకి చెవి ఆనించి. దాని కొమ్మ విరిచాడని సొంత బావమరిది గొడ్డలి లాక్కుని మళ్ళీ ఇవ్వలేదు.

వానాకాలంలో పైకి ఎవరూ ఎక్కరు. అందుకే సంగతి ఇప్పటికి గానీ బయటపడలేదు.

అందరి చూపూ నికాసియో మీదికి మళ్ళింది. వయసులో ఉండగా దొంగకలప అమ్మి జైలుకెళ్ళొచ్చినవాడు. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళని గుర్రమెక్కించి కొండ చూపిస్తూ ముగ్గురు పిల్లల్ని సాకుతున్నాడు.

"నేను కాదక్కా! గొడ్డలి ముట్టి పన్నెండేళ్ళయింది."

"నీ పేరు ఎవడెత్తాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?" అన్నాడు వెనకనుంచి ఎవరో. నవ్వులు.

చెట్టు కొట్టినవాడి ఇంటిల్లిపాదీ మళ్ళీ కొండెక్కకూడదు. అది ఊరి కట్టుబాటు. నికాసియోకి కొండ లేకపోతే కూడు లేదు.

"నువ్వు చెప్పు ఫిలెమోన్. వీణ్ణి ఎప్పుడైనా ఇక్కడ చూశావా?"

"లేదత్తా" అన్నాడతను.

"వాడిది జాలిగుండె. తండ్రి పోలికే" అందావిడ. ఆ మాట ఫిలెమోన్‌కి చెంపదెబ్బలా తగిలింది.

నవంబరు రెండు. పోయినవాళ్ళు ఇంటికొచ్చే రోజు. శ్మశానమంతా బంతిపూలు, సాంబ్రాణి పొగ, రొట్టెల వాసన. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు చాపలు పరుచుకుని కూర్చున్నారు. దోన్ అబుందియో దగ్గర మాత్రం ఊరంతా ఉంది.

నికాసియో కూడా వచ్చాడు, రొట్టె పట్టుకుని. ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతనే ఫిలెమోన్ పక్కన చతికిలబడ్డాడు.

"పెద్దాయన పోయినప్పటి ఆ నాలుగు రోజుల వాన గుర్తుందా తమ్ముడూ? టౌను రోడ్డు కొట్టుకుపోయింది. ఫాదర్ రాలేదు, ఏ సామానూ రాలేదు. పాపం అన్నీ నువ్వొక్కడివే చూసుకున్నావు. ఆయన్ని మోయడానికి ఆరుగురం చాలక ఇంకో ఇద్దర్ని పిలిచాం. బక్కప్రాణి, ఇంత బరువేంట్రా అనుకున్నాం. పుణ్యం బరువు!"

ఫిలెమోన్ ముఖం తిప్పేసుకున్నాడు. ఆ రోజు ఊరంతా అతన్ని చూపించి కొడుకంటే అలా ఉండాలంది.

అప్పుడే చిన్నపిల్లలు కేకలు పెట్టారు. కొండ మీదుగా మొదటి గుంపు వస్తోంది. మొదలు మాత్రం మిగిలిన చోట కాసేపు గిరగిరా తిరిగాయి. తర్వాత దిగి దిగి వచ్చి దోన్ అబుందియో శిలువ మీద వాలాయి.

ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు టోపీలు తీశారు. "పెద్దాయన వచ్చేశాడు" అన్నారు.

"మంచిది. ఆయన ఎదుటే తేల్చుకుందాం" అంది ఎతెల్వీనా. "నికాసియో, సమాధి మీద చెయ్యెయ్యి."

పిల్లలు ముగ్గురూ చూస్తుండగా నికాసియో మోకాళ్ళ మీద కూలబడి చెయ్యేశాడు. "ఈ మట్టి సాక్షి. నేను కొట్టలేదు పెద్దాయనా."

"చచ్చినోడు లేచొచ్చి కాదంటాడా ఏంటి?" అన్నారెవరో. "ప్రమాణాలెందుకు? చెట్టు చూపించమను. అంత మాను గాల్లో కలిసిపోయిందా?"

నికాసియో చిన్న కూతురు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఫిలెమోన్ ఇక వినలేకపోయాడు.

"అతన్ని వదిలెయ్యండి" అన్నాడు. "చెట్టెక్కడుందో నాకు తెలుసు."

"తెలిసీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావా? ఎక్కడుందిరా?"

ఫిలెమోన్ నికాసియో పక్కనే మోకరిల్లి, బంతిపూలు పక్కకి జరిపి, ఆ మట్టి మీద చెయ్యి పెట్టాడు.

"ఇక్కడే ఉందత్తా, టౌను నుంచి శవపెట్టె రాకపోతే నాన్నని దాన్లోనే పడుకోబెట్టాను."