మిల్లు గోడ మీద చేతులు

జంగమ్మ చెయ్యి ఇవ్వనంటే ఇవ్వనంది.

"నాది వద్దు బిడ్డా. వేరేటోళ్లది పెట్టించుకో," అని రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

శిల్ప బతిమాలింది. హైదరాబాదు నుంచి వచ్చిన బొమ్మలేసే అమ్మాయి ఆమె. కొత్తకోటలో మూతపడ్డ పల్లినూనె మిల్లు వెనక సందుంది. ఆ సందు గోడకు రంగులు వేసి దీపాలు పెడుతోంది. గోడ నిండా జొన్నకంకులు. మనిషి నడిచేకొద్దీ ఒక్కో కంకీ వెలుగుతుంది. వాటి మధ్య సందులోని ఆడవాళ్ల అరచేతి ముద్రలు. అసలు కిటుకంతా వాటిలోనే ఉంది. దారిన పోయే పిల్లకు భయమేసిందా, ఏదో ఒక ముద్ర మీద చెయ్యి ఆనిస్తే చాలు, సందంతా పట్టపగలైపోతుంది. ఆ ముద్ర ఎవరిదో వాళ్లింట్లో గంట మోగుతుంది. మోగితే ఉన్నపళాన లేచి రావాలి. అదీ ఒప్పందం.

సకీనాబీ అందరికంటే ముందు చెయ్యి పెట్టేసింది. "గంట మోగితె చేతిల రొట్టెల కర్రతోనే ఉరికొస్త. జర చూస్కోండ్రి!" అని అందరినీ నవ్వించింది. జంగమ్మ మాత్రం నవ్వలేదు.

రెండేళ్ల కిందటి మాట. మానస అనే పిల్ల వనపర్తిలో బట్టల దుకాణంలో పని చేసి, బస్సు దిగి ఈ సందులోంచే ఇంటికి వస్తోంది. మసకచీకటి. ఒకడు అడ్డం వచ్చాడు. ఏ తలుపైనా కొడదామంటే ఇళ్లన్నీ సందు చివరనే, అక్కడ మిల్లు గోడ తప్ప ఇంకేముంది? పిల్ల వెనక్కి తిరిగి పరుగెత్తింది. వాడు తరిమాడు. ఎదురుగా హైవే. లారీ ఆగలేకపోయింది.

పోలీసులు ముందుగా వచ్చింది జంగమ్మ గడపకే. ఆమె తెలిసిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక్కతే. నెలకోసారి సంచి సర్దుకొని పాలమూరు బస్సెక్కుతుంది. తిరిగొచ్చిన రోజు పొయ్యి వెలిగించదు. ఎందుకు పోయావని ఎవరూ అడగరు.

రోజూ పొద్దుగూకగానే చార్జింగు లైటు పట్టుకొని సందు మొదట్లో కూర్చుంటుంది. బస్సు దిగిన ఆడపిల్లలంతా ఇళ్లకు చేరేదాకా లేవదు. వాన పడినా అంతే, ఒళ్లు కాలిపోతున్నా అంతే. పిల్లలు తల వంచుకొని గబగబా ఆమెను దాటిపోతారు.  అయినా మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా శిల్ప కళ్లారా చూసింది. మానస సంగతి పేపర్లో చదివిందే తప్ప, ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగినా, ఆ ఊసెత్తితే చాలు సందులో అందరి నోళ్లకూ తాళాలు పడతాయి. గోడ నడిమధ్యన, అన్నిటికంటే పెద్ద కంకి కింద, ఒక చోటు ఖాళీగా ఉంచింది.

"ఈ చోటు మీ కోసమేనమ్మా. మీ చెయ్యి లేకపోతే ఈ గోడకు అర్థమే లేదు."

"ఆ జాగ నాది కాదు బిడ్డా."

"మీది కాక ఇంకెవరిది?"

జంగమ్మ కొంగు ఇంకా గట్టిగా చుట్టుకుంది. "నా చెయ్యి మీద ఏ పిల్ల చెయ్యి ఆనిస్తది? నన్ను జూస్తె ధైర్యమొస్తదా? ఒక్కరు గూడ ఆనియ్యకుంటె, గా ముద్రను రోజూ ఎట్ల జూడాలె నేను?"

చెయ్యి పెట్టాలని లేక కాదు. ఆ గంట తనింట్లో మోగాలని, తను పరుగెత్తుకు రావాలని, ఒక్క పిల్లనైనా చెయ్యి పట్టుకొని ఇంటికి చేర్చాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. కానీ చేతులు కొంగులోంచి బయటికి రావడం లేదు.

శిల్ప సకీనాబీ వైపు చూసింది. సకీనాబీ వంగి రంగు పళ్లెం సర్దుతోంది.

అప్పుడు వచ్చింది రుక్కమ్మ. ఆమెదీ ఆ సందే. ఒకప్పుడు జంగమ్మా ఆమే ఒక్క గోనెపట్టా మీద కూర్చొని పల్లికాయ ఒలిచినవాళ్లు. మానస పోయిన నాటినుంచి ఇద్దరి మధ్యా మాట లేదు. రుక్కమ్మ ఇన్నాళ్లూ ఈ గోడ ఛాయలకే రాలేదు. ఆమెను చూడగానే ఆడవాళ్లు మాటలాపి పక్కకు జరిగారు. జంగమ్మ మొహం తిప్పుకుంది.

రుక్కమ్మ నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడింది.

"గంట మోగితె వస్తవా?"

జంగమ్మ తల ఊపింది.

"నోటితోని చెప్పు."

"వస్త."

"ఎవలు మోగించినా?"

"ఎవలు మోగించినా వస్త. పానం బోయినా వస్త రుక్కమ్మా."

"పానం బోయినంక వచ్చి ఏం జేస్తవ్? పానం ఉండంగ రా."

ఆ మాటతో జంగమ్మ కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. రుక్కమ్మ ఆమె మణికట్టు పట్టుకొని రంగు పళ్లెంలో ముంచింది. ఖాళీ చోట ఆనించి, పైన తన చెయ్యి వేసి గట్టిగా అదిమింది. జంగమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. రుక్కమ్మ కళ్ల నీళ్లు రాలుతున్నాయి, అయినా చెయ్యి తియ్యలేదు.

శిల్ప రుక్కమ్మ వైపు చూపిస్తూ సకీనాబీ చెవిలో మెల్లగా అడిగింది.

"ఆ తరిమినవాడి తల్లా ఈమె?"

సకీనాబీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కాదు బేటీ, రుక్కమ్మ మానసకు తల్లి, వాన్ని కన్నది జంగమ్మ."