అక్కుపల్లి తల్లి

కాశీబుగ్గలో కేబుల్ టీవీ వాళ్లు పెట్టిన ముఖాముఖి అది. ఇద్దరు అభ్యర్థులు, రెండు మైకులు, వెనకాల ఎవరి ఫ్లెక్సీ వారిది.

గోవిందరావు ఫ్లెక్సీని ఆయన మనిషి చిన్నారావు, కిందటి ఎన్నికల ఫోటో ఏదో వెతికి, ఆ పొద్దుటే వేయించాడు. దాన్ని తలెత్తి చూసే తీరిక గోవిందరావుకు చిక్కలేదు.

ముందుగా ప్రత్యర్థి లేచి రోడ్లూ నిధులూ ఏకరువు పెట్టాడు. జనం ఆవలించారు.

గోవిందరావు లోలోపల నవ్వుకున్నాడు. లెక్కలకు ఓట్లు రాలవనీ, కన్నీళ్లకు రాలతాయనీ ఆయనకు బాగా తెలుసు. మైకు అందుకోగానే పుస్తకాల తెలుగు పక్కన పడేసి, ఊరి యాసలోకి దిగిపోయాడు.

“నానేటి సెప్పగలను బావా? కిందటేపు ఎలచ్చన్లకి అక్కుపల్లిలో ఓ తల్లి నా సేతులట్టుకుంది. కన్నకొడుకుని సముద్రం మింగేసింది. అయినా తనకంటూ ఏటీ అడగలేదు. నువ్వు గెలవాల బాబూ అంది. ఆ తల్లి కోసమే నిలబడ్డాను.”

చప్పట్లు మోగిపోయాయి. ప్రత్యర్థి మొహం మాడిపోయింది.

అప్పుడు ముందు వరసలోంచి ఒకామె లేచింది. కాళ్ల దగ్గర ఖాళీ చేపల గంప. నీచు వాసనొస్తోంది, వెనక్కి పొమ్మని చిన్నారావు మొదట్లోనే చెప్పి చూశాడు. ఆమె కదల్లేదు.

“ఆ తల్లి ఏటీ అడగలేదా బాబూ?”

“ఏటీ అడగలేదమ్మా.”

“సీకట్లో ఒడ్డు తెలీక గుంటడు పోనాడు, ఒడ్డున దీపం ఎయ్యించమని అడిగింది. ఎయ్యిత్తానని మాటిచ్చినావు.”

గోవిందరావుకు ఒళ్లు మండింది. అలాంటి మాటేదీ ఆయనకు గుర్తులేదు. అయినా నవ్వు చెదరనివ్వకుండా ప్రత్యర్థి వైపు చూపించి, ఈ పాఠం ఆయనే నేర్పి పంపాడా అని అడిగాడు. జనం గొల్లుమన్నారు.

ఆమె తగ్గలేదు.

“పోనీ, ఆ తల్లి పేరు సెప్పు బాబూ.”

గోవిందరావు చిన్నారావు వైపు చూశాడు. చిన్నారావు నేలచూపులు చూశాడు.

“తల్లికి పేరెందుకమ్మా, తల్లే కదా” అన్నాడు గోవిందరావు. మళ్లీ చప్పట్లు.

చప్పట్లు ఆగేదాకా ఆమె అలాగే నిలబడింది.

“దీపం ఎయ్యనోడివి, ఆ తల్లి ఊసెత్తకు. ఆ గుంటడు నీ ఓట్ల కోసం సచ్చిపోలేదు.”

గంప ఎత్తుకుని, వెళ్లిపోవడానికి జనం వైపు తిరిగింది.

అంతవరకూ ఆమె వీపే చూసిన జనం, ఇప్పుడు మొహం చూశారు. తర్వాత తలెత్తి గోవిందరావు వెనకవైపుకు చూశారు. నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే లేచి నిలబడి ఆమెకు దారిచ్చారు.

ఏమైందో తెలియక గోవిందరావు కూడా వెనక్కి తిరిగాడు. ఫ్లెక్సీలో తన రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తున్నది ఆ చేపల గంప మనిషే.