గేటు దగ్గరి గొంతు

ఆ ఉదయం ఆకాశం కొండల మీదికి దిగి కూర్చుంది. వాన కాదు, మంచూ కాదు. లక్ష్మీపూర్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ల చొక్కాలు మాత్రం తడిశాయి.

భీమారావుకి కిటికీ పక్క సీటు దొరికింది. సంచీ ఒళ్లో సర్దుకుంటూ ఉండగా పక్కన ఎవరో కూర్చున్నారు.

తలెత్తి చూశాడు. ఫ్యాక్టరీ గేటు గార్డు ధనుంజయ్. ఒంటి మీద యూనిఫాం లేదు.

కంపెనీ తరఫు సాక్ష్యానికి బయల్దేరాడన్నమాట.

భీమారావు లేచి నిలబడ్డాడు.

“కూకో బావూ. రాయగడ దాకా నిలబడగలవేటి?” అన్నాడు గార్డు.

“నీ పక్కన కూకునే కన్నా నిలబడ్డమే నయం.”

వెనక సీట్లో ఉన్న టీకొట్టు సూర్యకాంతమ్మ ఏదో అనబోయి ఆగింది. గార్డు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఘాట్ రోడ్డు మలుపులన్నీ భీమారావు కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

రేకులు కోసే మిషన్‌కి చేతులు తెగకుండా అడ్డు పెట్టించమని అడిగినందుకు అతన్ని పనిలోంచి తీసేశారు. కాగితం ఇవ్వలేదు. రేపట్నుంచి రావొద్దని నోటిమాట, అంతే. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెడితే ఫ్యాక్టరీవాళ్లు అడ్డం తిరిగారు. మేం తీసెయ్యలేదు, అతనే రావడం మానేశాడు అన్నారు. తనంతట తాను మానేసినవాడికి పరిహారం రాదు. ఇవాళ రాయగడలో తేలాల్సింది అదొక్కటే.

అతను మానలేదు. రోజూ షిఫ్టు వేళకి గేటు దగ్గరికి వెళ్లాడు. రోజూ ఈ ధనుంజయే ఆపాడు.

ఆపడమంటే మామూలుగా కాదు. ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియని కొత్తవాడు, రోడ్డు దద్దరిల్లేలా అరిచేవాడు.

“ఏటి భీమారావూ, ఇయ్యాల కూడా డ్యూటీకొచ్చేవా?”

“వచ్చేను.”

“ఇనబడ్డం నేదు. గట్టిగా సెప్పు.”

“డ్యూటీకొచ్చేను. లోనికి పంపు.”

“పంపొద్దన్నారు. మేనేజరు బాబే సెప్పేరు. ఎల్లిపో.”

లారీవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని తిరిగి చూసేవారు. సంతకి పోయే ఆడవాళ్లు ఆగేవారు. భీమారావు ఇంటికి వెళ్లి గంజి కూడా ముట్టేవాడు కాదు.

“రేపట్నుంచి ఎల్లకు. మనకి సిగ్గు నేదేటి?” అంది భార్య వరహాలమ్మ ఒకసారి.

“ఎల్లకపోతే ఆళ్ల మాటే నిజమైపోద్ది,” అన్నాడు.

రాయగడలో లేబర్ ఆఫీసరు భారతీదేవి ముందు మేనేజరు మోహన్ గేటు పుస్తకం తెరిచి పెట్టాడు. గార్డు మాత్రం ఆ గదిలో ఎక్కడా కనబడలేదు.

“చూడండి మేడమ్. ఒక్కరోజైనా ఇతని పేరుందా?”

లేదు. లోపలికి వెళ్లినవాళ్ల పేర్లే అందులో ఉన్నాయి.

“మీరు గేటు దగ్గరికి వచ్చినట్టు చూసినవాళ్లున్నారా?” అని ఆమె భీమారావుని అడిగింది.

సూర్యకాంతమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“నానున్నానమ్మా. గేటుకెదురే నా కొట్టు. సూడ్డమేటి, ఇన్నాను కూడా. గార్డు పేరెట్టి పిలిసీవోడు. డ్యూటీకొచ్చేనని ఈ బాబు సెప్పీవోడు. మేనేజరు పంపొద్దన్నారని ఆడనీవోడు. ఆ అరుపులకి నా పొయ్యి మీద పాలు ఇరిగిపోనేదు, అదే గొప్ప.”

ఆమె వెనక ఇద్దరు లారీ డ్రైవర్లు తలూపారు.

మేనేజరు పుస్తకం మూసేశాడు. బయటికెళ్లి ఫోన్లో మాట్లాడి వచ్చాడు.

“పని ఇవ్వలేం గానీ పరిహారం ఇస్తాం,” అన్నాడు.

తీసేసింది తామేనన్న మాట వాళ్ల చేత రాయించాకే భీమారావు సంతకం పెట్టాడు.

సూర్యకాంతమ్మతో కలిసి వెళ్తే, స్టేషన్ ఎదుటి భోజనం హోటల్లో ఒక్క బల్ల దగ్గరే చోటుంది. అక్కడ ధనుంజయ్ కూర్చుని ఉన్నాడు.

భీమారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఆడి బల్ల మీద నాను తినను.”

“తింటావు,” అంది సూర్యకాంతమ్మ. “రోజూ నిన్ను తరిమేక నా కొట్టుకొచ్చి ఏటడిగీవోడో తెలుసా? ‘అప్పా, ఇన్నావా? రోడ్డవతలకి కూడా ఇనబడిందా?’ అనీవోడు. నానూ ముందు ఎర్రోడనుకున్నాను. ఇయ్యాల మమ్మల్ని రమ్మన్నదీ ఆడే. నీకు సెప్పొద్దన్నాడు.”

భీమారావు వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

“నాకొక్క మాట సెప్పొచ్చు గదా.”

“సెప్తే నీ మొకంలో తెలిసిపోద్ది బావూ.”

“మేనేజరు ఊరుకున్నాడేటి?”

“పుస్తకంలో నీ పేరు రాయొద్దన్నారు. రాయనేదు. నోరు మూసుకోమని సెప్పనేదు గదా.” ధనుంజయ్ మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపాడు. “నువ్వెప్పుడూ రానేదని సాచ్చికం సెప్పమన్నారు నిన్న. సెప్పనన్నాను. డ్రెస్సు ఇప్పించుకుని పంపేసేరు. ఈ రైలుకి మా ఊరెల్లిపోతన్నాను.”

భీమారావు లేచాడు. “పద, మేడమ్ కాడికెల్దాం. నీకు నాను సాచ్చికం.”

“నువ్వేటిన్నావు? లోపల గదిలో, తలుపేసి సెప్పేరు.”

భీమారావు మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

విస్తళ్లలో అన్నం పడ్డాక, కొన్నేళ్ల కిందట సెమిలిగుడలో ఓ గేటు ముందు తానూ ఇలాగే నిలబడ్డాననీ, గొడవెందుకని రోజూ మర్యాదగా, మెల్లగా అడిగేవాడిననీ, చివరికి అది విన్నవాడు ఒక్కడూ దొరకలేదనీ ధనుంజయ్ తలెత్తకుండా చెప్పాడు.