నొప్పి తెలుస్తదా?

"ఇక్కడ?"

"తెలుస్తలేదు."

డాక్టర్ రామచందర్ గుండుసూదిని మొగులప్ప పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు జరుపుకుంటూ వచ్చాడు. బొడ్డు దాటాక గాని మొగులప్ప కెవ్వుమనలేదు.

1957లో హైదరాబాద్ సర్జన్లలో ఆయనది పెద్ద పేరు. ఆదివారాలు వికారాబాద్ వచ్చి రోగులను చూసేవాడు. తాండూరు బండల గనిలో మేస్త్రీగా పనిచేసే మొగులప్పను భార్య బుగ్గమ్మ రైల్లో వేసుకుని అక్కడికి తెచ్చింది. ఏడాదిగా వెన్నుకు క్షయ పట్టిందని మందులు మింగించారు. కాళ్లు మాత్రం నానాటికీ మొద్దుబారిపోయాయి.

"క్షయ కాదమ్మా. వెన్నుపామును ఏదో గడ్డ నొక్కుతున్నట్టుంది. చాలా అరుదు. హైదరాబాద్‌ల వీపులకు రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే తేలుతది," అన్నాడు డాక్టర్.

"గడ్డా లేదు, గాడిద గుడ్డూ లేదు!" మొగులప్ప బల్ల మీది నుంచే గర్జించాడు. "గిదే నాకు అన్నంల మందు వెట్టింది సార్. నా కాళ్లు రానీ, మొదటి తన్ను దీనికే!"

అది ఉత్త బెదిరింపు కాదని తాండూరులో ఎవర్నడిగినా చెబుతారు. పెళ్లయిన నాటి నుంచీ ఆ కాళ్లు చేసిన పని అదే. కడుపుతో ఉన్నప్పుడు తన్నిన తన్నుకు బుగ్గమ్మ కడుపు పోయింది. మళ్లీ నిలవలేదు. అలాంటివాడికి కాళ్లు తెప్పించాలని ఈవిడ ఎక్కని దవాఖాన మెట్టు లేదు. చూసేవాళ్లకు ఒళ్లు మండదూ!

"ఆపరేషన్ చేస్తే నడుస్తడా సార్?" తోడొచ్చిన మొగులప్ప అక్క గౌరమ్మ అడిగింది.

"నడక సంగతి ఇప్పుడే చెప్పలేను."

"నొప్పి తెలుస్తదా?" బుగ్గమ్మ అడిగింది.

"అన్నింటికంటే ముందు వచ్చేది అదేనమ్మా."

"గంతే చాలు సార్. కొయ్యుండ్రి."

హైదరాబాద్‌లో ఎక్కించిన రంగుమందు వీపు మధ్యలో ఆగిపోయింది. గడ్డ అక్కడే ఉంది. డాక్టర్ వెన్నెముక తెరిచి, వెన్నుపాముకు అంటుకున్న గడ్డను ఒక్క నరం తెగకుండా ఒలిచి తీశాడు. అదృష్టం, కేన్సర్ కాదు.

కొన్నాళ్లకు మళ్లీ పాదంలో సూది గుచ్చాడు.

"అవ్వో! సచ్చిపోతున్న!"

ఆ అరుపుకు వార్డంతా ఉలిక్కిపడింది. బుగ్గమ్మ డాక్టర్ కాళ్ల మీద పడి భోరున ఏడ్చింది.

"కాళ్లల్ల అంతట తెలుస్తున్నదా సార్?"

"అంతటా. కొన్నాళ్లు మామూలు కంటే ఎక్కువే తెలుస్తది. కానీ కాళ్లల్ల బలం ఇంకా రాలే. ఆర్నెల్లు మంచం దిగొద్దు."

"దిగనియ్య సార్."

గౌరమ్మ కళ్లొత్తుకుంది. "గింత జేసినా వాని కోసమే ఏడుస్తున్నవు. నా తమ్ముడు ఏం పుణ్యం జేసిండో బుగ్గమ్మా!"

తాండూరులో తమ్ముణ్ని ఇల్లు చేర్చి, మరదలికి అప్పజెప్పి, గౌరమ్మ తన ఊరు దోమకు బస్సెక్కింది. ఆమె అటు పోగానే మొగులప్ప మంచంలో పళ్లు నూరాడు.

"ఆర్నెల్లు ఆగు. లేచినంక నీ సంగతి జెప్త."

"లేచినంక గదా," అంది బుగ్గమ్మ.

తలుపు గొళ్ళెం పెట్టి చింతబరిగె అందుకుంది.